అందరూ ఆగే చోటు

నాకు భయం ఎక్కువ. సిగ్గుపడుతూ చెప్పే మాట కాదిది. కొందరికి చక్కెర జబ్బు ఉన్నట్టు నాకు భయం ఉంది, అంతే. బల్లి పడితే భయం, ఉరిమితే భయం, ఇంట్లో అందరూ కలిసి నవ్వుతుంటే వెనకే ఏడుపు వస్తుందేమోనని భయం. తాడును చూసి పామనుకునే రకం అని మా నాయన ఎగతాళి చేసేవాడు. పామును చూసి తాడనుకోవడం కంటే నయమే కదా అని నేను అనేదాన్ని. వేదిక మీద వయొలిన్ పట్టుకున్నప్పుడు మాత్రం ఆ భయం ఎందుకో పక్కకు తప్పుకునేది. ఒక్కసారి మాత్రం వయొలిన్ పట్టుకున్నా అది నన్ను వదల్లేదు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, పెనుకొండలో, నా కూతురు ఏడో నెల కడుపులో ఉన్నప్పుడు.

మా నాయనది హిందూపురంలో ఆర్కెస్ట్రా. పెళ్ళిళ్ళకు, జాతరలకు సినిమా పాటలు వాయించే బృందం. రెండు వయొలిన్లు, క్లారినెట్, ఫ్లూట్, కీబోర్డు, తబలా, డోలక్. అమరాపురం వైపు వెళితే సగం పాటలు కన్నడంలో ఉండాల్సిందే. పావడా కట్టే వయసు నుంచి నేను అందులో ఉన్నాను. మద్రాసులో ఎవరో వాయించింది క్యాసెట్లో విని, పొల్లుపోకుండా దించడమే నా పని. బాగా దించితే ‘అచ్చం అట్లే ఉండాది’ అని మెచ్చుకునేవాళ్ళు. అంతకంటే పెద్ద మెప్పు నేను ఎరగను.

తొంభైల చివర్లో నన్ను ధర్మవరం ఇచ్చారు. పట్టుచీరలు నేసే ఇల్లు. ముందు గదిలో రెండు మగ్గాలు, ఒకటి మామది, ఒకటి మా ఆయనది. తెల్లవారితే టకటక మొదలయ్యేది, పొద్దు గూకేదాకా ఆగదు. ఆ ఇంట్లో మాట్లాడాలంటే అరవాలి, లేకపోతే సైగ చేయాలి. కాపురానికి వచ్చిన కొత్తల్లో తల పగిలిపోయేది. తర్వాత మగ్గం మోగుతున్న సంగతే మరిచిపోయాను.

మొదటి బిడ్డ ఐదో నెలలో కడుపులోనే పోయింది. ఎందుకు పోయిందో డాక్టరమ్మ చెప్పలేదు. ఆమెకూ తెలియదేమో. కారణం తెలిసి ఉంటే దాని ఒక్కదానికే భయపడేదాన్ని. తెలియలేదు కాబట్టి ప్రతిదానికీ భయపడ్డాను. రెండోసారి నిలిచినప్పుడు మెట్లు ఎక్కలేదు, బిందె ఎత్తలేదు, గట్టిగా తుమ్మడానికి కూడా జంకేదాన్ని. చెయ్యి ఎప్పుడూ పొట్ట మీదే. బిడ్డ కదిలితే బతికినట్టు, కదలకపోతే నా ప్రాణం నాలో ఉండేది కాదు. చిత్రం ఏమిటంటే, పొద్దంతా కదిలేది కాదు. మగవాళ్ళు మగ్గం దిగి అన్నానికి కూర్చున్నప్పుడు మాత్రం దబదబా తన్నేది. లోపల ఉన్నది తిండిపోతు, కంచాల చప్పుడు వింటే ఆగలేదని అత్త నవ్వేది. అదొక్క వేళ కోసం నేను పొద్దంతా కాచుకుని ఉండేదాన్ని.

అట్లాంటి రోజుల్లో ఆ నలుగురు పిల్లలు మా నాయనను వెతుక్కుంటూ వచ్చారు. బెంగళూరులో ఇంజనీరింగు చదువుతూ, చదువు కంటే గిటారు ఎక్కువ వాయించిన బాపతు. జుట్టు భుజాల దాకా, ఎండలో కూడా నల్ల చొక్కాలు. అందులో గిటారు అబ్బాయి అవ్వవాళ్ళది హిందూపురమే. చిన్నప్పుడు సెలవులకు వచ్చి మా ఆర్కెస్ట్రా ముందు చాప మీద నిద్రపోయినవాడు. వాళ్ళది మెటల్ బ్యాండు. మా ఆర్కెస్ట్రాతో కలిసి ఒక పాట రికార్డు చేయాలని వాడి కోరిక. మెటల్ అంటే ఏమిటని నాయన అడిగితే వాళ్ళ క్యాసెట్ పెట్టాడు. నాయన కళ్ళు మూసుకుని ఓపిగ్గా చివరిదాకా విని, పాడే అబ్బాయికి గొంతు పట్టినట్టుంది, మిరియాల కషాయం కాచి ఇవ్వమని చెప్పాడు. అది జబ్బు కాదని, అట్లా అరవడమే ఆ పాట అని తెలిశాక కూడా, ఆరోగ్యం పోగొట్టుకుంటాడని ఆయన బాధ ఆయనది.

కానీ ఆ పిల్లలు తెచ్చిన స్వరం చూసి నాయన నిదానించాడు. ఇది మన కీరవాణి రాగమే కదప్పా అన్నాడు. పాట నడుమ ఒకచోట డ్రమ్ములు, గిటార్లు, మా వాద్యాలు అన్నీ ఒక్క దెబ్బకు ఆగిపోతాయి. నాలుగు దెబ్బల సేపు ఏమీ ఉండదు. ఆ తర్వాత వయొలిన్ ఒక్కటే మొదలుపెట్టాలి. అది నా కోసం కట్టిన ముక్క. మద్రాసులో ఎవరూ ముందు వాయించి పెట్టలేదు. నేను వాయిస్తేనే అది ఉంటుంది, లేకపోతే లేదు. రెండో వయొలిన్ ముసలాయన చేతులు అప్పటికే వణుకుతున్నాయి. నేను తప్ప దిక్కు లేదని నాయన కబురు పెట్టాడు. నన్నడిగితే ఆ కబురు లేకపోయినా పోయేదాన్నే. అంత ఆశ పుట్టింది.

అత్త ఒప్పుకోలేదు. కడుపుతో ఉన్నదాన్ని మా వైపు జాతరలో ఉరుముల వాద్యాలు మోగే చోటికి పోనివ్వరు. ఆ చప్పుడుకు కడుపులో బిడ్డ ఉలిక్కిపడుతుందని, గుండె పట్టేస్తుందని నమ్మకం.

“అడుసు తొక్కనేల, కాలు కడగనేల? పోయినసారి ఏమాయనో మర్సిపోతివా?” అంది.

మరిచిపోతే కదా. ఆమె చెప్పిన ప్రతి మాటా నేను అప్పటికే వందసార్లు నాకు నేను చెప్పుకున్నదే. మా ఆయన మాత్రం నీ ఇష్టం అని, స్టేషనుదాకా వచ్చి ప్యాసింజరు ఎక్కించాడు. నీ ఇష్టం అనే మాట వినడానికి తియ్యగా ఉంటుంది కానీ, రేపు ఏదైనా జరిగితే మోయాల్సింది మనమే. రైలు కదిలాక అది అర్థమై, పెనుకొండదాకా దుప్పటి మడత పొట్టకు అదుముకుని కూర్చున్నాను.

హిందూపురానికి, ధర్మవరానికి నడుమ అని పెనుకొండ ఎంచుకున్నారు. కొండ కింద ఒక పాత కల్యాణ మండపం. రాతి స్తంభాలు, ఎత్తైన కప్పు. పెళ్ళిళ్ళు లేని నెల. బెంగళూరు నుంచి రికార్డింగు ఆయన కంప్యూటరు, పెద్ద మిక్సరు, బుట్టల కొద్దీ వైర్లు తెచ్చి పెళ్ళికూతురి గదిలో పెట్టాడు. డ్రమ్ముల మోత వయొలిన్ మైకులో దూరకుండా ఉండాలని డ్రమ్ముల అబ్బాయిని పక్కనున్న సామాన్ల గదిలోకి తోశారు. వాడు కొట్టిన మొదటి దెబ్బకు వంట గుండిగలు, బేసిన్లు, గంటెలు అన్నీ ఒక్కసారి ఝల్లుమన్నాయి. పెళ్ళిలో కొట్లాట జరిగినట్టుంది. సామాన్లు బయటికి మోయించేసరికి మధ్యాహ్నం దాటింది. గది గోడలకు పరుపులు, బొంతలు, టెంటు హవుసు నుంచి తెచ్చిన పాత షామియానాలు కట్టారు. మా అందరికీ చెవుల మీద హెడ్‌ఫోన్లు. అందరం ఒకేసారి వాయించాలి, ముక్కలు ముక్కలుగా తీసి అతికించేది లేదని గిటారు అబ్బాయి పట్టు.

నేను ఎప్పుడూ నేల మీద కూర్చునే వాయిస్తాను. ఆ రోజు పొట్ట అడ్డం, కుర్చీ వేశారు. కాళ్ళు నేలకు ఆనాయో లేదో, వాడు మళ్ళీ కొట్టాడు. రెండు కాళ్ళతో రెండు పెడళ్ళు తొక్కుతాడు. గోడలకు బొంతలు కట్టారు గానీ నేలకు ఎవరు కడతారు? ఆ దెబ్బలు బండల్లోంచి నా మడమల్లోకి, మోకాళ్ళలోకి, అక్కడినుంచి నడుములోకి ఎక్కాయి. చెవులతో వినడం కాదు అది, ఒంటితో వినడం. చీర లోపల మందపాటి తువ్వాలు చుట్టుకునే వచ్చాను. దాని మీద దుప్పటి మడత పెట్టాను, కాళ్ళ కింద గోనెపట్టా వేయించుకున్నాను. డ్రమ్ముల అబ్బాయి నన్ను చూసి, పాపం, తన చెవుల్లో పెట్టుకునే స్పాంజి ముక్కలు తెచ్చి ఇచ్చాడు. నా చెవులకు సరే, లోపలిదానికి ఎట్లా పెట్టేది?

నాలుగైదుసార్లు ముక్కలుగా చూసుకున్నాం. నడుమ మేము ఆగినా డ్రమ్ముల అబ్బాయి చేతులు, కాళ్ళు ఆగేవి కావు. డోలక్ ఆయన వాళ్ళ వేగం అందుకోలేక చెమటలు కక్కాడు. క్లారినెట్ ఆయనకు ఆ మోతలో తన ఊదుడు తనకే వినపడక, రెండుసార్లు నోట్లోంచి తీసి పగిలిందేమోనని చూసుకున్నాడు. అందరూ నవ్వారు, నేను తప్ప. పొద్దుటినుంచి బిడ్డ కదలలేదు.

మొదటి టేకు బాగానే నడిచింది. నా చోటు రాకముందే గూడ్సు బండి కూత పెట్టింది. స్టేషను దగ్గరే. నాయన ముందే వెళ్ళి రైళ్ళ వేళలు కనుక్కుని వచ్చాడు గానీ గూడ్సుకు వేళ ఏముంది, అది దేవుడి దయ. దాని దడదడ పోయేదాకా అందరం చేతులు కట్టుకుని కూర్చున్నాం. పొట్ట మీద చెయ్యి వేసి నొక్కాను. పక్కకు తిరిగి నొక్కాను. చల్లటి నీళ్ళు తాగితే కదులుతుందని ఎవరో చెప్పారు, తాగాను. ఏమీ లేదు. ఒక రాయిని మోస్తున్నట్టుంది.

నాయన నా మొహం చూసి దగ్గరికి వచ్చాడు.

“ఏం పాపా?”

“కదల్లేదు నాయనా. పొద్దుట్నుంచి.”

ఆయన భుజం మీది తువ్వాలు తీసి రెండు చేతులా పట్టుకున్నాడు. మా అమ్మ పోయినప్పుడు కూడా అట్లాగే నిలబడ్డాడు. “ఇంగ సాలు. లెయ్, ఆసుపత్రికి పోదాం. పాట యాడికీ పోదు” అన్నాడు.

లేవాల్సింది. ఎవరైనా లేస్తారు. కానీ లేస్తే ఆసుపత్రికి పోవాలి, పోతే వాళ్ళు పొట్ట మీద గొట్టం పెట్టి వింటారు, విని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. పోయినసారి ఆ చూపు చూశాను. వాయిస్తున్నంతసేపు నాకేమీ తెలియనక్కరలేదు. ధైర్యంతో కూర్చుని వాయించానని తర్వాత చాలామంది అన్నారు. ధైర్యం కాదు, తెలుసుకోవాలంటే భయం.

“ఒక్కసారి వాయించి పోదాం” అన్నాను.

రెండో టేకు. డ్రమ్ములు, వాటి మీద గిటార్లు, వాటి మీద మేము. ఆ గొంతు పట్టిన అబ్బాయి అరుపు. నా చెయ్యి దానంతట అది నడుస్తోంది. కళ్ళు పొట్ట మీద ఉన్నాయి. చప్పుడు పెరిగి పెరిగి, ఇంక మండపం కప్పు ఎగిరిపోతుందేమో అనిపించినప్పుడు, ఆ చోటు వచ్చింది. అందరూ ఒక్కసారి ఆగారు.

అంత మోత తర్వాత అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు. హెడ్‌ఫోన్లలో నా ఊపిరి నాకే వినిపించింది. ఒకటి, రెండు, మూడు అని లోపల లెక్కపెడుతున్నాను. అప్పుడు తన్నింది. పక్కటెముక కింద, గట్టిగా, నొప్పి పుట్టేట్టు. నాలుగు దాటిపోయింది. కమాను తీగ మీద ఉంది, లాగలేకపోయాను. నాయన నావైపు చూస్తున్నాడు, గిటారు అబ్బాయి చూస్తున్నాడు. అప్పటికి ఎలాగో లాగాను. మొదటి స్వరం వణికింది. తర్వాత ఏం వాయించానో నాకు తెలియదు. మళ్ళీ డ్రమ్ములు అందుకోగానే బిడ్డ కదలడం మానేసింది. ఇంక ఫరవాలేదు, ఉంది, లోపల ఉంది.

పాట అయ్యాక ఆ వణుకు కోసం మళ్ళీ ఒకసారి వాయిద్దామా అని రికార్డింగు ఆయన అడిగాడట. గిటారు అబ్బాయి వద్దన్నాడట. నేను అప్పటికే వాకిట్లో, బోర్లించిన గుండిగల పక్కన కూర్చుని ఏడుస్తున్నాను. డ్రమ్ముల అబ్బాయి తన వల్లే ఏదో అయిందనుకుని, కన్నడంలో తప్పాయితు అక్కా అంటూ అక్కడే తచ్చాడాడు. వాడికి చెప్పే ఓపిక కూడా లేకపోయింది.

అక్కడితో భయం తీరిందనుకుంటే నేను నేనెందుకు అవుతాను. అమ్మ లేదు కాబట్టి కాన్పు ధర్మవరంలోనే అయింది. ఆడపిల్ల, నల్లటి జుట్టు, గట్టి గొంతు. మగ్గాల గదిలోనే దూలానికి చీర ఉయ్యాల కట్టారు, అటు మామ కంటికి, ఇటు మా ఆయన కంటికి కనబడేట్టు. మూడో నెలలో ఎదురింటి ముసలమ్మ బిడ్డకు చెవి చూడ్డానికి వచ్చింది. మా వీధిలో అదొక అలవాటు. ఉయ్యాల వెనక నిలబడి కంచు పళ్ళెం మీద గరిటతో కొడతారు, బిడ్డ ఉలిక్కిపడితే చెవులున్నట్టు. ముసలమ్మ కొట్టింది. మా పిల్ల బొటనవేలు చీకుతూ పడుకుంది. మళ్ళీ కొట్టింది. ఈసారి నేను ఉలిక్కిపడ్డాను, పిల్ల పడలేదు. ముసలమ్మ పళ్ళెం చంకలో పెట్టుకుని, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఆమె నోరు తెరవకుండా పోవడం వీధిలో ఎవరూ చూసి ఉండరు.

ఎవరూ అనలేదు కానీ, అందరికీ పెనుకొండే గుర్తొచ్చిందని నాకు తెలుసు. ఆ డ్రమ్ములు నా మడమల్లోంచి ఎక్కి ఎక్కడిదాకా పోయాయో నేనే ఎరుగుదును కదా. ఒకసారి అత్త మామ మీద విసుక్కుంటూ, ఈయనకు చెప్పేది చెవిటోడి ముందర శంఖం ఊదినట్టే అంది. అని, నావైపు చూసి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె తిట్టి ఉంటే అంత బాధపడేదాన్ని కాను.

దానికి తోడు, అన్నాల వేళ, పొద్దు గూకాక ఏడిస్తే పాలకనుకునేవాళ్ళం గానీ, ప్రతి అమావాస్యా పిల్ల పొద్దంతా ఏడ్చేది. మా ఇంట్లో అమావాస్యకు మగ్గం ముట్టరు. అందరూ ఇంట్లో తీరిగ్గా ఉంటే ఇది గుక్కపట్టి ఏడ్చేది. గాలి సోకిందని అత్త ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసేది. మిరపకాయల ఘాటుకు ఇంటిల్లిపాదీ దగ్గి చచ్చేవాళ్ళం, పిల్ల ఏడుపు మాత్రం ఆగేది కాదు. పాట తయారై సీడీ వచ్చింది. నేను దాన్ని కవరు కూడా విప్పకుండా బీరువాలో చీరల కిందికి తోసేశాను. చివరికి పుట్టపర్తి ఆసుపత్రికి తీసుకుపోదామని నిర్ణయించారు. నాకు పోవాలనీ ఉంది, పోకూడదనీ ఉంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

రేపు ప్రయాణం అనగా, ఆ రోజు మామ మగ్గానికి కొత్త వార్పు పోగులు అతకడానికి నేత ఆపి ఉన్నాడు. మా ఆయన మగ్గం ఒక్కటే మోగుతోంది. ఉయ్యాల పక్కన కూర్చుని పిల్ల బట్టలు మడతపెడుతున్నాను. అది నిద్రపోతోంది. మా ఆయనకు పోగు తెగింది. మగ్గం ఆపాడు. పిల్ల రెండు చేతులూ విసిరి ఉలిక్కిపడి లేచింది. కళ్ళు పెద్దవి చేసి, మొహం చిట్లించి, ఏడుపు అందుకుంది. నేను లేచి ఎత్తుకునేలోపు ఆయన పోగు అతికి మళ్ళీ మొదలుపెట్టాడు. ఏడుపు కత్తిరించినట్టు ఆగింది.

నా చేతిలో బట్టలు జారిపోయాయి.

“మళ్ళీ ఆపు” అన్నాను.

“ఏంది మ్మే?”

“ఆపు సెప్తా.”

ఆపాడు. పిల్ల కింది పెదవి ముందుకు వచ్చింది. నేయమని చెయ్యి ఊపాను. నేశాడు. పెదవి లోపలికి పోయింది. మూడోసారి ఆపేసరికి ఆయనకూ అర్థమై, పోగు తోసే నాడె చేతిలో పట్టుకుని అట్లాగే నన్ను చూస్తూ ఉండిపోయాడు. అత్త వంటింట్లోంచి, మగ్గానికి ఏమొచ్చిందని అడుగుతూ వచ్చింది.

“దీనికి సెవులుండాయి అత్తా” అన్నాను. “మగ్గం ఆగితే ఏడుస్తాంది. ఆగింది ఇనపడితేనే కదా.”

చెబుతూ చెబుతూనే నాకు మిగతావీ అర్థమయ్యాయి. తిండిపోతు కాదు, పాపం. మగ్గం దిగి అన్నానికి కూర్చున్న వేళ తన్నేది తిండి కోసం కాదు. అమావాస్య ఏడుపు గాలి సోకి కాదు. కడుపులో పడినప్పటి నుంచి టకటక మధ్య పెరిగిన బిడ్డకు చప్పుడంటే ఇల్లు. అట్లాంటి బిడ్డ చెవి చూడ్డానికి, రెండు మగ్గాలు మోగుతుండగా, మేము పళ్ళెం కొట్టి చూశాం. పెనుకొండలో కూడా అది బెదిరింది డ్రమ్ములకు కాదు, డ్రమ్ములు ఆగినందుకు.

అయినా మర్నాడు పుట్టపర్తి పోయాం. నా నమ్మకం మీద నాకు నమ్మకం లేదు. చప్పుడు లేని గదిలో ఒక డాక్టరు దాని చెవి వెనక చిన్న గంట ఊపాడు, అది ఠక్కున తిరిగి ఆయన అద్దాలు పట్టుకుంది. తిరుగు బస్సులో మా అత్త దారి పొడుగునా ఎదురింటి ముసలమ్మను తిట్టింది.

ఆ తర్వాత వచ్చిన అమావాస్య నాడు మగ్గాలు ఆగాయి, పిల్ల మొదలుపెట్టింది. మిరపకాయలు తేబోయిన అత్తను ఆపి, బీరువాలోంచి సీడీ తీశాను. పక్కింటివాళ్ళ ప్లేయరు తెచ్చి మగ్గాల గదిలో పెట్టి, పిల్లను ఒళ్ళో వేసుకుని కూర్చున్నాను. డ్రమ్ములు మొదలయ్యాయి. అత్త చెవులు మూసుకుని వాకిట్లోకి పోయింది. పిల్ల ఏడుపు ఆపేసింది. ఆ అబ్బాయి అరుపులకు బొటనవేలు నోట్లో పెట్టుకుని, హాయిగా నా మొహంలోకి చూసింది. మోత పెరిగింది, ఇంకా పెరిగింది. ఆ చోటు వచ్చింది. అందరూ ఆగారు.

పిల్ల నోట్లోంచి వేలు తీసింది. మొహం చిట్లించింది. కింది పెదవి ముందుకు వచ్చింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. వయొలిన్ రాలేదు. వాయించింది నేనే, ఎప్పుడో వాయించేసిందే, అయినా అది వస్తుందో రాదోనని నాకు ఒళ్ళంతా చెమట పట్టింది. అప్పుడు వచ్చింది, కొంచెం వణుకుతూ. నా కూతురు ఏడవడానికి తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచి, అది అయిపోయేదాకా వింది.